ఎరగని మనిషి చెప్పిన మాట

బావకి ఉద్యోగం పోయిందని అక్క నాతో ఆ మాటగా చెప్పలేదు. "మీ బావ ఇంట్లోనే ఉంటున్నార్రా," అంది ఫోన్లో, ఏదో ఆయన సరదాపడి ఉంటున్నట్టు. వాళ్ళిల్లు మాకు రెండు వీధుల అవతలే. చెప్పులేసుకుని బయల్దేరాను.

వెళ్ళేసరికి ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, బెల్టు, కాళ్ళకి బూట్లు కూడా. ఎదురుగా లాప్‌టాప్ మూసి ఉంది. "రావోయ్," అన్నాడు, అంతే. మామూలుగా అయితే ఆ పాటికి నా పొట్ట మీద ఒక జోకు, నా బట్టతల మీద ఒక జోకు పడిపోయి ఉండాలి. ఆయన నన్ను ఏడిపించడం, నేను ఆయన్ని దెప్పడం, మధ్యలో అక్క ఇద్దర్నీ కలిపి తిట్టడం, మా బంధుత్వం నడిచే తీరే అది. ఆ రోజు నేను రెండు మూడు విసుర్లు విసిరాను. ఆయన ఒక్కటీ అందుకోలేదు.

బావ చేసే పని గురించి చెప్పాలి. ఊరంతా బ్రాంచీలున్న ఒక పెద్ద ఆసుపత్రి ఉంది. అక్కడ తీసిన ప్రతి రక్తపరీక్ష రిపోర్టునీ సరైన డాక్టరుకి చేర్చే ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండడమే ఆయన ఉద్యోగం. చదువైన దగ్గర్నుంచీ అదే కంపెనీ, అదే ప్రోగ్రాం. అది రాసిన భాష బాగా పాతది. ఇప్పటి పిల్లలు నేర్చుకోరు, నేర్పేవాళ్ళూ లేరు. మొన్న కంపెనీవాళ్ళు ఆ ప్రోగ్రాం తీసేసి కొత్తది పెట్టారు, పాత భాషతో పాటు దాన్ని ఎరిగిన ముసలాయన్నీ సాగనంపారు. ఆ ముసలాయనకి యాభై మూడేళ్ళు. మా లైన్లో అది వానప్రస్థం వయసు.

అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించింది.

"పొద్దున్నే ఆఫీసుకెళ్ళినట్టే తయారవుతార్రా. తయారై అక్కడ కూర్చుంటారు. బెల్లు మోగితే లోపలి గదిలోకెళ్ళి తలుపేసుకుంటారు. అప్లికేషన్లు పెట్టినచోట్నించి ఒక్కడూ పిలవలేదు. నిద్దట్లో కూడా వాగే మనిషి, ఇప్పుడు నేను పది మాటలంటే ఒక ఊ అంటారు. నాకు భయంగా ఉందిరా."

"కొన్నాళ్ళుంటే అదే సర్దుకుంటుందిలే అక్కా."

"సర్దుకోదు. ఆయన్ని నేనెరుగుదును. మీ సంతలో ఎక్కడో ఓ మూల కూర్చోబెట్టు."

సంత అన్నది నేను పెట్టిన పేరే. అసలు పేరు గొప్పగా ఉంటుంది, గుమ్మం మీద "అనుభవజ్ఞులకు మాత్రమే" అని బోర్డు కూడా ఉంటుంది. ఇంటర్నెట్లో ఒక అంగడి. నెలజీతం మీద మనిషిని పెట్టుకోవడం ఇష్టంలేని కంపెనీలు అక్కడికొచ్చి, మాబోటి అనుభవం గల వాళ్ళని ఒక వారానికో నెలకో అద్దెకి తీసుకుపోతాయి. పళ్ళు చూసి ఎద్దుని కొన్నట్టు మా మార్కులు, మా పేరు పక్కనుండే నక్షత్రాలు చూసి కొంటారు. నేను చాలా ఏళ్ళుగా ఆ సంతలో నిలబడి బతుకుతున్నాను. దాన్ని రోజూ తిట్టుకుంటాను, రోజూ పొద్దున్నే అక్కడికే వెళ్తాను.

లోపలికి రావాలంటే పరీక్ష ఉంటుంది. చెడిపోయిన ప్రోగ్రాం ఒకటి ఇస్తారు, అరగంటలో బాగుచెయ్యాలి. ఎదురుగా తెరలో ఒక పరీక్షాధికారి కూర్చుని చూస్తుంటాడు. జరిగిందంతా రికార్డవుతుంది. మార్కులు వేసేది ముందు ఒక యంత్రం. దానికి నేను గడియారం అని పేరు పెట్టుకున్నాను, ఎందుకంటే దానికి తెలిసిన విద్య అదొక్కటే. ఆ మీదట ఒక మనిషి రికార్డింగు చూసి దిద్దుతాడు. పరీక్ష తప్పితే ఏడాది దాకా మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు. బావ భాషలో పనులు సంతలో ఇప్పటికే ఎండాకాలం చెరువులా అడుగంటాయి. ఏడాది తర్వాత ఉంటాయో ఉండవో ఎవరికీ తెలీదు. కాబట్టి ఉన్న అవకాశం ఒక్కటే.

ఇంకో సంగతి. ఆ పాత భాషలో పరీక్షలు దిద్దేవాళ్ళం ముగ్గురమే. అందులో నేనొకణ్ణి.

"నేను సిఫారసు చేస్తాను బావా. అప్లికేషన్లో దానికో గడి ఉంటుంది, నా నంబరు వెయ్యి," అన్నాను ఆ సాయంత్రం. అలా వేస్తే ఒక మేలుంది. ఈయన నా మనిషని సంతకి తెలుస్తుంది, పరీక్ష ఇంకెవరో దిద్దుతారు.

"వద్దోయ్. బావమరిది చిటికెన వేలు పట్టుకుని వచ్చాడంటారు."

"ఎవరంటారు? అక్కడ మనుషులెక్కడున్నారు అనడానికి?"

"నేననుకుంటాను," అన్నాడు.

తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. అక్క నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. గడి ఖాళీగా వదిలేసి అప్లికేషన్ పంపాడు.

సరే, సిఫారసు వద్దంటే శిక్షణ అయినా ఇస్తానన్నాను. దానికి ఒప్పుకున్నాడు. రోజూ పని ముగించుకుని వాళ్ళింటికెళ్ళి, పాత పరీక్షల్లో ఇచ్చినలాంటి చెడిపోయిన ప్రోగ్రాం ఒకటి ఆయన ముందు పెట్టేవాణ్ణి. నా ఫోన్లో అరగంట పెట్టి పక్కన కూర్చునేవాణ్ణి. అసలు పేచీ అక్కడ మొదలైంది.

బావ ముందు కాపీ తీస్తాడు. ఉన్న ప్రోగ్రాం ఉన్నట్టుగా, దాని వెనకున్న వివరాలన్నిటితో సహా పూర్తిగా ఇంకోచోట దాస్తాడు. దాచి ఊరుకోడు, దాచింది సరిగ్గా తెరుచుకుంటోందో లేదో తెరిచి చూస్తాడు. దాని ఫోల్డరుకి "పాతది ముట్టుకోవద్దు" అని పేరు పెడతాడు. అప్పుడు గానీ అసలు దాని మీద చెయ్యి వెయ్యడు. వాళ్ళింటి కంప్యూటర్లో పెళ్ళి ఫొటోలకి కూడా "పాతది ముట్టుకోవద్దు" అని ఒక ఫోల్డరుంది. అందులో అక్క మొహం అప్పటిది కాబట్టి ఆ పేరు సరిపోయిందని నేనెన్నోసార్లు ఏడిపించాను, అక్క చేత తిట్లు తిన్నాను.

ఈ తతంగమంతా అయ్యేసరికి సగం పైన సమయం పోయేది. మిగిలిన దాంట్లో తప్పు ఎక్కడుందో ఇట్టే పట్టేసేవాడు, కానీ సరిచేసేలోపు నా ఫోను కూసేది.

"బావా, అది పరీక్ష కోసం తయారుచేసిన బొమ్మ ప్రోగ్రాం. ఎవరూ వాడరు. పాడైతే కొంపలేం మునగవు. కాపీ మానెయ్."

"ఎలా మానేస్తానోయ్? అలవాటు."

"అలవాటుకి సంతలో మార్కుల్లేవు. గడియారానికి నీ జాగ్రత్త కనపడదు, నీ ఆలస్యం కనపడుతుంది."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడవడం అయ్యేదాకా మాట్లాడడు, అదీ ఒక అలవాటు.

"నేను చేరిన కొత్తల్లో," అన్నాడు, "మా సెక్షన్లో ఒకతను ఉన్న ప్రోగ్రాం మీద ఉన్నట్టే ఒక్క లైను మార్చాడు. కాపీ లేదు. ఒకరి రక్తం రిపోర్టు ఇంకొకరికి వెళ్ళడం మొదలైంది. వెనక్కి మార్చుదామంటే వెనక ఏమీ లేదు. మేమందరం ఆసుపత్రికి పరిగెత్తాం. మంచం మంచానికీ తిరిగి, పేరడిగి, చేతిలో కాయితం లాక్కున్నాం. ఒకావిడ ఇవ్వనంది. ఆవిడ రిపోర్టులో ఏ జబ్బూ లేదని ఉంది. అంతకుముందే చదువుకుని సంతోషపడింది. అది మీది కాదమ్మా అని చెప్పాల్సింది నేను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు చూశానోయ్. ఆ తర్వాత నా చేతిలో ఉండగా ఎప్పుడూ అలా జరగలేదు."

అయినా నేను ఊరుకోలేదు. బావ బాగు కోరేవాడు బావమరిది అన్నారు కదా, ఆ హక్కుతో నోరు పారేసుకున్నాను. నీ వయసుకి తలుపు ఒక్కసారే తెరుస్తారని, అక్క నీ మొహం చూసి కుమిలిపోతోందని, నీ పట్టుదల నీ ఒక్కడిదే కాదని అనేశాను. బావ గుడ్లప్పగించి చూస్తూ విన్నాడు. "సరే. నీ మాటే కానీ," అన్నాడు.

ఆ సారి కాపీ తియ్యకుండా చేశాడు. ఫోను కూయకముందే, చాలా ముందే, అయిపోయింది. నేను బల్ల మీద చరిచి, "చూశావా!" అన్నాను. ఆయన మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వైపే చూస్తున్నాడు. "ఇంటికి తాళం వెయ్యకుండా ఊరెళ్ళినట్టుందోయ్," అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

పరీక్ష రోజు నేను అటు వెళ్ళకూడదనుకున్నాను. సాయంత్రానికి ఆగలేక వెళ్ళాను. బావ బాల్కనీలో నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా కూడా విప్పలేదు.

"ఎలా రాశావు?"

"బాగానే రాశానోయ్."

"కాపీ తీశావా?"

"టీ తాగుతావా?" అన్నాడు.

టీ తాగాను.

తర్వాత కొన్ని రోజులకి, మధ్యాహ్నం భోజనం చేసి బల్ల ముందు కూర్చుంటే, దిద్దమని ఒక రికార్డింగు వచ్చి ఉంది. మాకు వచ్చేవాటిలో పేరుండదు. మొహం మసక చేస్తారు, గొంతు మార్చేస్తారు, పక్షపాతం లేకుండా ఉండాలని. అన్నీ ఒకే గొంతుతో, ఏ మొహమూ లేని మొహంతో మాట్లాడతాయి. తెర మీద కదిలే చేతి పని ఒక్కటే నిజమైనది.

ఆ మొహం లేని మనిషి పరీక్షాధికారిని అడుగుతున్నాడు: "దీన్ని ఇప్పుడు ఎవరైనా వాడుతున్నారా అండీ?"

"ఇది పరీక్ష సార్. ఎవరూ వాడరు."

"దీన్ని ఆపేముందు ఎవరికైనా చెప్పాలా?"

"ఎవరికీ చెప్పక్కర్లేదు సార్. మీ టైం నడుస్తోంది."

మసక మొహం దగ్గరికి మసక చెయ్యి ఒకటి వెళ్ళింది, కళ్ళజోడు తీసింది. నాకక్కడే తెలిసిపోయింది, కానీ కాకూడదని చూస్తూ కూర్చున్నాను. కళ్ళజోడు మళ్ళీ ఎక్కింది. మొదటి నిమిషం చేతులు ఆగిపోయి ఉన్నాయి. నా మాట గుర్తొచ్చి ఉంటుంది. తప్పున్న లైను దగ్గరికే నేరుగా వెళ్ళాడు, అక్కడ మార్చబోయాడు. ఆగాడు. వెనక్కి వచ్చాడు. కొత్త ఫోల్డరు తెరిచి పేరు కొట్టాడు: పాతది ముట్టుకోవద్దు.

"బావా," అన్నాను పైకే. గదిలో ఎవరూ లేరు.

తర్వాతదంతా నాకు తెలిసిందే. కాపీ తీశాడు, తెరిచి చూశాడు, సరిపోల్చాడు. పరీక్షాధికారి మధ్యలో రెండుసార్లు దగ్గాడు. చివర్లో బావ చేతులు పరిగెత్తాయి. అంత వేగంగా అవి కదలడం నేనెప్పుడూ చూడలేదు. తప్పు సరిచేసే ఆఖరి లైను సగం కొట్టి ఉండగా తెర మూసుకుపోయింది. ఆ లైను నేను మనసులో పూర్తి చేసుకున్నాను. సరిగ్గా అదే కావలసింది. కింద గడియారం ఎర్రక్షరాలతో రాసింది: పూర్తికాలేదు, తప్పారు.

ఇప్పుడు నా వంతు. మొట్టమొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే ఉంటుంది. ఈ వ్యక్తి మీకు తెలుసా? తెలుసు, తెలియదు, రెండు గడులు. తెలుసని నొక్కితే రికార్డింగు నా దగ్గర్నించి పోతుంది. మిగతా ఇద్దరిలో ఒకాయన ఈ మధ్యనే సంత వదిలేశాడు. రెండో ఆవిడ కంటి ఆపరేషను చేయించుకుని సెలవులో ఉంది. దిద్దే మనిషి దొరక్కపోతే గడియారం మాటే ఖాయం. తెలియదని నొక్కి, తర్వాత సంగతి బయటపడిందా, నన్ను ఆ రోజే సంతలోంచి గెంటేస్తారు. నా ఇంట్లోనూ పొయ్యి వెలిగేది ఆ సంత మీదే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. వచ్చి కూర్చున్నాను. చిన్నప్పుడు నేను అక్కని చూడ్డానికి వచ్చినప్పుడల్లా నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళి, తన కుర్చీలో కూర్చోబెట్టి, కీబోర్డు మీద నా వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని పెట్టిన మనిషాయన. ఈ భాష నాకు వచ్చిందంటే ఆయన వల్ల వచ్చింది. ఆ వేలితోనే నొక్కాను. తెలియదు.

గడియారం వేసిన మార్కుని కొట్టెయ్యాలంటే కారణం చెప్పాలి. కారణాలు వాళ్ళే రాసి పెట్టారు, అందులోంచి ఏరుకోవాలి. కరెంటు పోయింది. ఇంటర్నెట్ తెగిపోయింది. ప్రశ్నలోనే తప్పుంది. పరీక్ష రాసేవారికి ఒంట్లో బాగోలేదు. పైకీ కిందకీ ఎన్నిసార్లు తిప్పినా, ఆయన చేసిందే సరైన పద్ధతి అన్న కారణం లేదు. అలాంటిదొకటి ఉంటుందని ఎవరికీ తట్టినట్టు లేదు. ఆఖర్న "ఇతరములు" అని ఉంది. అది నొక్కితే రాసుకోవడానికి చిన్న పెట్టె తెరుచుకుంది.

కోపంగా రాశాను. "ఈయన ఆలస్యం చెయ్యలేదు, జాగ్రత్తపడ్డారు. మనుషుల ప్రాణాలు ఆధారపడిన ప్రోగ్రాం నా చేతిలో ఉంటే నేను మొదట పిలిచేది ఈయన్నే. చెయ్యి వేసేముందు కాపీ తియ్యడం చాదస్తం కాదు. కత్తెర పడ్డాక గుడ్డ మాట వినదు. ఈ అలవాటుని ఈయన ఎప్పటికీ, ఎవరి కోసమూ మార్చుకోకూడదు. ఈయన్ని తీసుకోకపోతే నష్టం మనది." పంపించేశాను. కత్తెర, గుడ్డ మాట మా నాన్నది. ఆయన దర్జీ. బావ అల్లుడు కాకముందే పోయాడు. ఆ మాట ఎలా నోట్లోకొచ్చిందో నాకే తెలీదు.

రెండు రోజులకి నాకొక సందేశం వచ్చింది. "మీ తీర్పు మా ప్రమాణాలకు దూరంగా ఉంది. యంత్రం వేసిన మార్కు యథాతథంగా ఉంటుంది. ఇకపై ప్రమాణాలను గమనించగలరు." దిద్దేవాళ్ళకీ నక్షత్రాలుంటాయి, నాకున్న వాటిలో ఒకటి పోయింది. పోతే పోయింది. మనిషితో మాట్లాడాలని రాశాను. అదే మూడు వాక్యాలు తిరిగొచ్చాయి. ఇంకా వివరంగా రాశాను, రికార్డింగు మళ్ళీ చూడమని బతిమాలాను. అవే మూడు వాక్యాలు. మూడోసారి తిట్టాను. తిట్టుకి కూడా అవే వచ్చాయి. గోడకి చెప్పుకుంటే కనీసం గోడ చల్లగా తగులుతుంది.

ఆ సాయంత్రం అక్కింటికి బయల్దేరాను. ఫలితం ఆయనకీ వచ్చే ఉంటుంది. ఏం చెప్పాలో దారంతా వెతుక్కున్నాను.

తలుపు బావే తీశాడు. బెల్లు మోగితే లోపలి గదిలోకి పోయే మనిషి.

"రావోయ్ గుండూ! మీ సంతవాళ్ళు నన్ను తన్నేశారు తెలుసా?" అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇస్త్రీ చొక్కా లేదు. లుంగీ కట్టుకుని, బనీనుతో ఉన్నాడు.

"లోపలికి రా, నీకో సంగతి చూపించాలి. ఏమేవ్, ఇలా రా, నువ్వూ విను మళ్ళీ."

"ఇప్పటికి నాలుగుసార్లు విన్నాను," అంది అక్క వంటింట్లోంచి. ఆవిడ గొంతులోనూ నవ్వుంది. చాలా రోజుల తర్వాత.

బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. సంత పంపిన ఫలితం. తప్పారు అని పైన ఉంది. దాని కింద, "మీరు మెరుగుపడేందుకు మా నిపుణుల అభిప్రాయం" అని ఉంది. ఆ కింద నేను రాసింది, అక్షరం పొల్లుపోకుండా. దిద్దేవాళ్ళ మాటలు పరీక్ష రాసినవాళ్ళకి పంపుతారని నాకు తెలీదు. ఎప్పట్నించి పంపుతున్నారో కూడా తెలీదు.

బావ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. బడిలో పద్యం అప్పగించినట్టు, ఒక్కో మాటా విడదీసి చదివాడు. మనుషుల ప్రాణాలు అన్నచోట ఆగి గొంతు సవరించుకున్నాడు. కత్తెర పడ్డాక గుడ్డ మాట వినదు అన్నచోట వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. నేను తల తిప్పి చూశాను. అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాలుగుసార్లు విన్న మాటే. నేను ఎదురుగా ఉండగా వినడం ఇదే మొదలు. నాన్న పోయాక ఆయన మాటలు ఆ ఇంట్లో అక్క ఎప్పుడూ తియ్యదు, తీస్తే ఏడుపొస్తుందని. అక్క నా మొహంలోకి చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత చెంగుతో చేతులు తుడుచుకుంది, ఇందాకే తుడుచుకున్న చేతుల్ని.

"ఎవరోయ్ ఈయన?" అన్నాడు బావ. "నువ్వు అందులోనే ఉన్నావుగా. కనుక్కో. ఒక్కసారి ఫోన్లో మాట్లాడతాను. ఒక్క నమస్కారం పెట్టుకుంటాను."

"పేర్లు చెప్పరు బావా."

"చెప్పరా?"

"ఎవరు రాశారో ఎవరికీ తెలీదు."

"పోనీలే. తెలియకపోవడమే మంచిది," అన్నాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. "నువ్వు పొగిడావనుకో, బావమరిదివి, మొహమాటానికి పొగిడావనుకుంటాను. మీ అక్క పొగిడిందనుకో, జాలిపడి పొగిడిందనుకుంటాను. ఈయనకి నేనెవరు? నా పేరు తెలీదు, మొహం తెలీదు. నా చేతి పని చూసి అన్నాడు. నన్ను ఎరగని మనిషి అన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత మాట నాతో ఎవరూ అన్లేదోయ్. పంపించేసే రోజున కూడా పూలగుత్తి ఇచ్చారు గానీ ఇంత మాట అన్లేదు."

నేను ఏదో అనబోయాను. అక్క కళ్ళతోనే వద్దంది.

"ఏడాదేగా," అన్నాడు బావ. "ఆగుతాను. మళ్ళీ రాస్తాను."

"రాద్దువుగాని బావా. కానీ ఈసారి మాత్రం కాపీ..."

"అదిగో, మళ్ళీ అదే పాట. చూడు, ఏం రాశాడో చూడు." వేలితో తెర మీద చూపించాడు. "ఎప్పటికీ, ఎవరి కోసమూ మార్చుకోకూడదు. చదువుకో. నీకంటే తెలిసినవాడు. నువ్వు మానెయ్ మానెయ్ అని నా ప్రాణం తీశావు. నీ మాట విని మానేసుంటే ఈ మాట నాకు దక్కేదా?"

ఏమని చెప్పను? అది రాసింది నేనే, అది నమ్మకు, సంతలో ఆ మాటకి విలువ లేదు, దాన్ని నమ్ముకుంటే వచ్చే ఏడూ తప్పుతావు అని చెప్పాలి. చెబితే ఆయనకి దక్కిన ఆ ఒక్క మాటా పోతుంది. మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని, ఈ బల్ల దగ్గరే నోరు మూసుకుని కూర్చుంటాడు. చెప్పకపోతే ఏడాది పొడవునా తప్పడానికి సాధన చేస్తాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. ఏడుపొచ్చింది. దగ్గు నటించాను.

అక్క టీ తెచ్చి నా ముందు పెట్టింది. పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, తీసేసింది.

"ఇవాళ్టి నుంచే మొదలెడదాం," అన్నాడు బావ. "ఏదీ, ఒక ప్రోగ్రాం పెట్టు. కష్టమైనదే పెట్టు. నువ్వు గడియారం పట్టుకో."

పెట్టాను. ఫోన్లో అరగంట పెట్టి చేతిలో పట్టుకున్నాను. బావ చేతులు రుద్దుకుని కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. కొత్త ఫోల్డరు తెరిచాడు. పేరు కొట్టాడు. కాపీ తీశాడు, తెరిచి చూశాడు, ఒక్కొక్కటే సరిపోల్చాడు. మధ్యలో కూనిరాగం కూడా తీశాడు. అక్క వంటింటి గుమ్మానికి ఆనుకుని ఆయన వీపు వైపు చూస్తూ నిలబడింది.

నా చేతిలో ఫోను అదిరింది. కూయకుండా బొటనవేలితో నొక్కేశాను.

"టైముందా ఇంకా?" అన్నాడు బావ తల తిప్పకుండా.

"ఉంది బావా," అన్నాను. "నువ్వు కానీ."